చిక్కిన చేప జారకుండా...

చచ్చినవాడి కళ్లు చారెడేసి అంటారు. గాలం వేసేవాళ్ల నోట ఈ సామెత ఇంకోలా వినిపిస్తుంది. జారిపోయిన చేప ఎప్పుడూ బారెడే! బుట్టలో పడ్డవన్నీ బెత్తెడు, జానెడు. గట్టు దాకా వచ్చి, ఒక్కసారి తల విదిలించి నీళ్లలోకి వెళ్లిపోయింది మాత్రం రెండు చేతులూ చాపి చూపించినా చాలదు.

వినేవాళ్లకు నవ్వొస్తుంది. పోగొట్టుకున్నవాడికి రాదు. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఎర్రకాలువ, కొంగువారిగూడెం దగ్గర దాని మీద కట్టిన జలాశయం, ఊరూరా చెరువులు, వానాకాలంలో నిండే వాగులు... నీళ్లున్న ప్రతిచోటా గాలం కర్ర పట్టుకున్న మనిషి కనిపిస్తాడు. కొందరికి అది సెలవురోజు సరదా. మరికొందరికి సాయంత్రం కూర. ఇంకొందరికి సంతలో అమ్ముకునే సరుకు. కిలో వందల్లో పలికే కొరమేను ఒక్కటి జారిపోయిందంటే, ఆ మూడోవాడికి ఒక పూట కూలి పోయినట్టే.

మరి తప్పెవరిది? చేప తెలివిదా, చేతి తొందరదా, గాలానిదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మనిషి ఇరవై వేల ఏళ్ల కిందటే మొదలుపెట్టాడు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు.

వంపు లేని గాలం

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తనకు ఇరవై నాలుగు మంది గురువులున్నారని యదు మహారాజుకు చెబుతాడు. వాళ్లలో చేప కూడా ఉంది. ఎర రుచికి ఆశపడి గాలానికి చిక్కే చేపను చూసి, నాలుకను అదుపులో పెట్టుకోవాలని నేర్చుకున్నానంటాడు. చేప పక్షాన చూస్తే అది గొప్ప పాఠం. వేటగాడి పక్షాన చూస్తే మాత్రం అది సగం పాఠమే. ఎర చేపను రప్పిస్తుంది. రప్పించడం ఒక ఎత్తు, పట్టి నిలపడం ఇంకో ఎత్తు.

తొలినాటి మనిషి ఆ రెండో పనికి వాడిన వస్తువుకు అసలు వంపే లేదు. వేలెడు ఎముక ముక్కనో పుల్లనో రెండు కొసలా చెక్కి, నడుముకు తాడు కట్టి, ఎరలో నిలువుగా దాచేవాడు. చేప మింగాక తాడు లాగితే ఆ ముక్క గొంతులో అడ్డం తిరిగేది. మింగితేనే పనిచేస్తుంది. పెదవులతో రుచి చూసి వదిలేసే చేప దానికి దొరకదు.

ఆ తర్వాత వచ్చింది వంపు. జపాన్‌లోని ఒకినావా దీవిలో సకితారి గుహలో సముద్రపు నత్త గుల్లతో చేసిన గాలాలు బయటపడ్డాయి. వాటి వయసు దాదాపు 23 వేల ఏళ్లని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నెలవంకలా వంగి, మొన తేలి ఉంటాయవి. మనదగ్గర సింధు లోయ నాగరికత కాలానికి గాలం రాగిలోకి, కంచులోకి మారింది. మొహెంజోదారోలో దొరికిన గాలాల్లో మొన కింద వెనక్కి తిరిగిన చిన్న ముల్లు కూడా ఉంది. అంటే నాలుగు వేల ఏళ్ల కిందటి మనిషినీ ఇదే బాధ వేధించిందన్నమాట. చిక్కింది జారిపోతోంది, ఏం చెయ్యాలి?

ముల్లు ఇచ్చేది, తీసుకునేది

ఆ ముల్లు చేసే పని చాలా సులువైనది. మొన లోపలికి దిగేటప్పుడు ముల్లు దాని వెంటే వాలుగా జారి దిగిపోతుంది. వెనక్కి రావాలంటే మాత్రం కండకు అడ్డం పడుతుంది. తలుపు లోపలి గడియ లాంటిది. దారం బిగువుగా ఉన్నంతసేపూ దానితో పెద్దగా పనిలేదు. చేప ఎగిరినప్పుడో, మనవైపే ఈదుకొచ్చినప్పుడో దారం వదులవుతుంది. చేప గింజుకుంటున్నకొద్దీ మొన చేసిన రంధ్రం పెద్దదవుతూ ఉంటుంది. దారం వదులైన ఆ రెండు క్షణాల్లో గాలం ఊడిపోకుండా కాపాడేది ముల్లే.

అలాగని ముల్లు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటే పొరపాటు. ముల్లు పెరిగినకొద్దీ మొన వెడల్పవుతుంది. వెడల్పు మొన దిగాలంటే ఎక్కువ బలం కావాలి. సన్న సూది గుచ్చుకున్నంత తేలిగ్గా దబ్బనం గుచ్చుకోదు కదా! ముల్లు దాకా దిగని గాలానికి ముల్లున్నా లేనట్టే. గట్టిగా గుంజాననుకుంటాడు వేటగాడు. మొన మాత్రం పైపైనే తగులుకుని ఉంటుంది. గట్టు దగ్గర ఊడిపోయే చేపల్లో చాలావాటి కథ ఇదే.

అందుకే మంచి గాలం మీద ముల్లు చిన్నదిగా, మొనకు దగ్గరగా ఉంటుంది. త్వరగా దిగుతుంది, దిగాక పట్టుకుంటుంది.

ఏ చేపకు ఆ గాలం

చేపలన్నిటికీ నోరు ఒకేలా ఉండదు. జారిపోయే తీరూ ఒకేలా ఉండదు.

కొరమేను నోరు గట్టి ఎముక. మొద్దు మొన దాని మీద జారిపోతుంది. కప్పనో చిన్న చేపనో ఎరగా చూసి అది దూకిన తీరుకు గాలం దిగేసిందనిపిస్తుంది కానీ, చాలాసార్లు ఎరను పళ్లతో కరిచి పట్టుకుని ఉంటుందంతే. దీనికి పదునైన మొన, గట్టి తీగ కావాలి.

బొచ్చె, శీలావతి ఇందుకు తిరకాసు. వాటి దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. తవుడు ముద్దను కొరకవు, నీళ్లతో కలిపి పీల్చుకుంటాయి. పెదవులు మెత్తన. బలంగా గుంజితే పెదవి చిరిగి చేప పోతుంది. ఇక్కడ కావాల్సింది బలం కాదు, ఓపిక. చిన్న గాలం, వంగే కర్ర, చేప లాగినప్పుడు కాస్త వదిలే చెయ్యి.

వాలుగ నోరు కంటిని దాటి వెనక్కి చీలి ఉంటుంది. లోపల వరసలు వరసలుగా సన్నటి పళ్లు. గాలం నిలిచినా టంగూసు దారం ఆ పళ్లకు ఒరుసుకుని తెగిపోతుంది. గాలానికి పైన జానెడు స్టీలు తీగ కడితేనో, కాడ పొడవుగా ఉన్న గాలం వాడితేనో దారం బతుకుతుంది. అయితే కాడ పొడవు పెరిగితే ఇంకో చిక్కుంది. చేప తల విదిలించినప్పుడు ఆ కాడే పలుగులా పనిచేసి మొనను పైకి లేపేస్తుంది. పొట్టి కాడకు ఈ బాధ తక్కువ. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. గాలం తయారీ అంతా ఇలాంటి బేరాలే.

తీగ మందం కూడా ఒక బేరమే. సన్న తీగ ఇట్టే దిగుతుంది కానీ పెద్ద చేప లాగితే వంపు విచ్చుకుంటుంది. లావు తీగ విచ్చుకోదు, దిగడం కష్టం. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి ముంచినట్టే గాలాన్నీ కాల్చి చల్లారుస్తారు, మళ్లీ కాస్త వేడిచేసి పెళుసుదనం తీస్తారు. ఆ రెండో వేడి తక్కువైతే పుటుక్కున విరుగుతుంది. ఎక్కువైతే మెత్తబడి సాగుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే తెల్లదొర ఈ దేశంలో గాలం వేట మీద 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం రాశాడు. ఇంగ్లండు నదుల్లో చేపల కోసం చేసిన గాలాలు మన మహశీర్ చేప నోట్లో నలిగిపోతాయని, వాటికి గట్టి గాలాలు కావాలని అందులో హెచ్చరించాడు. చెరువుల్లో గాలం వేట మీద 1887లో మరో పుస్తకమే తెచ్చాడు. ఏ నీళ్లకు ఆ గాలమన్న సంగతి ఆయనకు ఇక్కడి చేపలే నేర్పాయి.

గాలాల నంబర్లు కూడా కొత్తవాళ్లను తికమక పెడతాయి. నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది. పన్నెండో నంబరు చిన్న జెల్లలకు, ఒకటో నంబరు అంతకంటే ఎంతో పెద్దది. ఒకటి దాటాక లెక్క తిరగబడుతుంది. 1/0, 2/0, 3/0 అంటూ గీత పక్కన సున్నా చేరితే అంకె పెరిగినకొద్దీ గాలమూ పెరుగుతుంది. ఈ తేడా తెలియక దుకాణంలో పెద్ద నంబరు అడిగి చిన్న గాలం తెచ్చుకునేవాళ్లు బోలెడుమంది.

స్ప్రింగులొచ్చాయి... పోయాయి

గాలం చాలాకాలం చేతిపనే. ఇంగ్లండులో సూదులు చేసే రెడిచ్ పట్టణమే గాలాలకూ పేరుపడింది. 1877లో నార్వేలోని ముస్తాద్ కంపెనీలో మథియాస్ టాప్ అనే ఆయన గాలాలు చేసే యంత్రాన్ని తయారుచేశాడు. తీగను కోయడం, మొన తేల్చడం, ముల్లు లేపడం, వంచడం... అన్నీ యంత్రమే చేస్తుంది. గాలం చౌకైంది. ప్రపంచమంతా పాకింది.

ఈలోగా 'అస్సలు జారని గాలం' కోసం పోటీ మొదలైంది. 1846లోనే అమెరికాలో స్ప్రింగు గాలానికి పేటెంటు ఇచ్చారు. చేప ఎరను లాగగానే స్ప్రింగు వదిలి రెండో కొక్కెం వచ్చి పట్టుకోవాలన్నది ఆలోచన. ఎలుకల బోను సూత్రమే. తర్వాత ఇలాంటివి లెక్కలేనన్ని వచ్చాయి. కాగితం మీద అద్భుతంగా ఉండేవి. నీళ్లలోకి దిగాక నాచు చుట్టుకునేది, తుప్పు పట్టేది, చేప రాకముందే విడిపోయేది. నూటయాభై ఏళ్ల పైచిలుకు ప్రయత్నాల తర్వాత కూడా దుకాణాల్లో అమ్ముడుపోయేది కదిలే భాగమంటూ లేని సాదా కొక్కెమే. వలకైనా గాలానికైనా ఒకటే నీతి. నీళ్లలో పనిచేయాల్సిన వస్తువు ఎంత సాదాగా ఉంటే అంత ఎక్కువకాలం పనిచేస్తుంది.

చేప బలమే తాళం

అసలైన మార్పు స్ప్రింగు నుంచి రాలేదు, వంపు నుంచి వచ్చింది. అదీ పాతదే.

పసిఫిక్ దీవులవాళ్లు, న్యూజిలాండ్ మావోరీలు ఎముకతో, గుల్లతో, కర్రతో చేసుకున్న గాలాల్లో మొన పైకి ఉండదు. గుండ్రంగా తిరిగి కాడవైపే చూస్తుంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ కుక్ ఓడలవాళ్లు ఇలాంటివాటిని ఇంగ్లండుకు పట్టుకెళ్లారు. చూస్తే ఎవరికైనా ఒకటే అనుమానం. మొన లోపలికి తిరిగి ఉంటే ఇక గుచ్చుకునేదేమిటి?

గుచ్చుకోదు, తగులుకుంటుంది. చేప ఎరను నోట్లోకి తీసుకుని పక్కకు తిరిగి వెళ్లబోతుంది. దారం బిగుసుకోగానే ఆ గుండ్రటి గాలం గొంతులో ఎక్కడా పట్టుకోకుండా జారుకుంటూ నోటి మూలకు వస్తుంది. అక్కడ దవడ అంచు ఆ సందులో దూరుతుంది. గాలం గిర్రున తిరిగి దవడకు కడియంలా పడుతుంది. ఇక చేప ఎంత లాగితే అంత బిగుస్తుంది. మామూలు గాలం వేటగాడి బలంతో పనిచేస్తే, ఇది చేప బలంతోనే పనిచేస్తుంది.

1980ల తొలినాళ్లలో అలాస్కా, కెనడా తీరాల్లో హాలిబట్ చేపల వేటగాళ్లు పొడవాటి తాళ్లకు కట్టే పాత గాలాలు తీసేసి గుండ్రటివి కట్టడం మొదలుపెట్టారు. ఒక్కో గాలానికి పడే చేపలు రెండింతలకు పైగా పెరిగాయి. పడ్డవి గంటల తరబడి తాడుకు వేలాడినా ఊడిపోకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. తర్వాత ఇంకో లాభం బయటపడింది. ఈ గాలాన్ని మింగడం సముద్రపు తాబేళ్లకు కష్టం. అందుకే 2004లో అట్లాంటిక్‌లో గాలాల తాళ్లు వేసే తమ పడవలన్నీ గుండ్రటి గాలాలే వాడాలని అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టింది.

మన తీరానికీ ఈ సంగతి అక్కరకొచ్చేదే. విశాఖ, పూడిమడక వైపు తూర చేపల కోసం గాలాలు వేసే పడవలున్నాయి. ఏటా శీతాకాలంలో గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చేదీ ఈ తీరానికే. వాటికి ట్రాల్ వలల ముప్పే ఎక్కువైనా, గాలం ముప్పు తగ్గితే అదీ మేలే. 1957లో కొచ్చిలో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పనుల్లో వలలు, గాలాల లాంటి వేట సామగ్రిని మెరుగుపరచడం ఒకటి. దానికి విశాఖలోనూ పరిశోధన కేంద్రముంది.

చెరువు గట్టున గుండ్రటి గాలం వాడాలనుకునేవాళ్లకు ఒక్క హెచ్చరిక. బెండు మునగగానే గుంజడం మన చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈ గాలంతో అలా గుంజితే అది దవడను పట్టుకోకముందే నోట్లోంచి బయటికొచ్చేస్తుంది. దారం నెమ్మదిగా బిగించి ఊరుకోవాలి. మిగతా పని చేపే చేసుకుంటుంది. కొత్త గాలం కొనడం తేలికే. పాత చేతికి కొత్త అలవాటు నేర్పడమే కష్టం.

జారిపోవాల్సినవీ ఉంటాయి

ఇంతదాకా జారకుండా ఎలాగన్నదే లెక్క. కానీ గాలానికి పడ్డవన్నీ బుట్టలోకి రావాల్సినవి కాదు. వేలెడు పిల్ల పడుతుంది. దాని ప్రాణం తీసినా కూరకు రాదు, వదిలితే ఏడాదికి కిలో చేప కావచ్చు. పెద్ద ముల్లున్న గాలాన్ని దాని నోట్లోంచి పీకేసరికి దవడ ఊడొస్తుంది. నీళ్లలో వదిలినా బతకదు. జారకుండా ఆపే ముల్లే వదలాల్సినదాన్నీ చంపుతుంది.

కొరమేను సంగతి ఇంకా కష్టం. గుడ్లు పొదిగాక ఎర్రెర్రటి పిల్లల గుంపు నీటి మీద తేలుతూ తిరుగుతుంటే, తల్లిదండ్రులు కిందే కాపలా కాస్తాయి. ఆ గుంపు మీదికి ఏది వచ్చినా దూకి కరుస్తాయి. ఆకలేసి కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి. ఈ గుట్టు తెలిసినవాళ్లు సరిగ్గా ఆ గుంపులోనే గాలం వేస్తారు. చేప తప్పకుండా పడుతుంది. కాపలా పోయిన పిల్లలు మిగతా చేపలకు మేతవుతాయి. ఒక్క చేప కోసం వందల చేపలు పోయినట్టు. వచ్చే ఏడు చెరువులో కొరమేను లేదని బాధపడేదీ ఆ ఊరివాళ్లే.

అందుకే గాలం మెరుగుదల ఇప్పుడు రెండు దారుల్లో సాగుతోంది. పట్టాలనుకున్నది జారకూడదు. పట్టకూడనిది క్షేమంగా వెళ్లాలి. చిన్న పిల్లల నోట పట్టనంత పెద్ద గాలం వేయడం ఒక ఉపాయం. ముల్లు లేని గాలం ఇంకో ఉపాయం. కెనడాలోని మానిటోబా రాష్ట్రం 1990లోనే సరదా వేటకు ముల్లు లేని గాలాలు తప్పనిసరి చేసింది. ముల్లు లేకపోతే చేపలన్నీ పోతాయని భయపడనక్కర్లేదు. ముల్లు లేని మొన సూదిలా లోతుగా దిగుతుంది. దారం వదలకుండా బిగువుగా ఉంచడం తెలిసిన చేతికి నష్టం కొద్దిగానే ఉంటుంది. ప్రత్యేకంగా కొననక్కర్లేదు కూడా. కటింగ్ ప్లేయర్‌తో ముల్లును నొక్కేస్తే చాలు.

గాలానికి చేప పెదవి, పిల్లాడి వేలు ఒకటే. సెలవుల్లో పిల్లలు గాలాలు పట్టుకుని కాలువ గట్టుకు బయల్దేరే ఇళ్లలో ఇది గుర్తుంచుకోవాలి. ముల్లు దాకా దిగిన గాలాన్ని వచ్చిన దారినే బలంగా పీకితే కండ చీరుకుపోతుంది. కంటి దగ్గర గుచ్చుకుంటే అసలు ముట్టుకోకూడదు. దారం కోసేసి, గాలం కదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అక్కడ డాక్టరును అడగాలి. తెగిన టంగూసు దారాన్ని గట్టున పారేయకుండా ఇంటికి తెచ్చేయడం కూడా మంచి అలవాటు. కొంగల కాళ్లకు అది చుట్టుకుంటే విప్పేవాళ్లు ఉండరు.

పది పైసల కిటుకులు

కొత్త గాలం కొనే ముందు పాతదాని మీద చేయగలిగింది చాలా ఉంది. మొనను బొటనవేలి గోరు మీద మెల్లగా ఆనించి చూడాలి. గోరుకు పట్టుకుని ఆగితే పదునున్నట్టు. జారిపోతే మొద్దుబారినట్టు. గోరు మీద జారేది కొరమేను దవడ మీదా జారుతుంది. చిన్న ఆకురాయితో మొన వైపు నాలుగుసార్లు రుద్దితే పదును తిరిగొస్తుంది. రాళ్లలో చిక్కి వచ్చిన గాలాన్ని ప్రతిసారీ ఇలా చూడాలి. వంపు ఒకసారి విచ్చుకున్న గాలాన్ని మళ్లీ వంచి వాడకూడదు. అది రెండోసారి అక్కడే లొంగిపోతుంది. ముడిని తడిపి బిగించాలి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం బలహీనపడుతుంది. ఎర కూడా మొనను పూర్తిగా కప్పేసేంత ముద్దగా ఉండకూడదు. మొన ఎరలోనే ఆగిపోతే చేప దాకా చేరేదేముంది?

ఇవన్నీ చేశాక కూడా చేప జారిపోతుంది. ఇరవై వేల ఏళ్లుగా గుల్ల రాయి దగ్గర్నుంచి స్టీలు దాకా మార్చినా, నూటికి నూరు చేపల్నీ నిలిపే గాలాన్ని మనిషి చేయలేకపోయాడు. ఎర్రకాలువలో వచ్చే ఏడాదికీ చేపలు మిగులుతున్నాయంటే, ఆ లోటుకు కూడా అందులో కాస్త వాటా ఉంది.